ట్యాంకుల ఆట లోపల ఏముంది?

మన హాస్టల్‌లో చదివిన చాలామందికి టీవీ గేమ్ తెలుసు. రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక పసుపు రంగు క్యాసెట్, దానిమీద వేలకొద్దీ ఆటలున్నాయని చెప్పే స్టిక్కరు. తీరా పెట్టి చూస్తే అవే పది ఇరవై ఆటలు మళ్ళీ మళ్ళీ వచ్చేవి. వాటిలో అందరూ ముందు వెతికేది ట్యాంకుల ఆటనే. ఈమధ్య ఒక మిత్రుని ఇంట్లో దాన్ని మళ్ళీ ఆడాను. ఈసారి గెలుపు కోసం కాదు, ఎలా తయారు చేశారో అర్థం చేసుకోవడం కోసం. తెలుసుకున్నది తమ్ముళ్ళతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ఈ ఆట అసలు పేరు 'బ్యాటిల్ సిటీ'. జపాన్‌కు చెందిన నామ్‌కో కంపెనీ 1985లో ఫ్యామికామ్ అనే యంత్రం కోసం దీన్ని విడుదల చేసింది. అదే కంపెనీ 1980లో తెచ్చిన 'ట్యాంక్ బెటాలియన్' దీనికి మూలం. ఫ్యామికామ్‌ను నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో విడుదల చేసింది. మన ఊళ్ళలో దొరికినవి దానికి నకళ్ళు.

తెర మీద ఇటుక గోడల పద్మవ్యూహం ఉంటుంది. అడుగున మధ్యలో గద్ద గుర్తు ఉన్న స్థావరం. దాన్ని కాపాడటమే మన పని. పైనుంచి ఒక్కో స్టేజీకి 20 శత్రు ట్యాంకులు వస్తాయి. ఒక్కరే ఆడితే తెర మీద ఒకేసారి 4కు మించవు, ఇద్దరు ఆడితే 6కు మించవు. ఇటుకను కాలిస్తే రాలిపోతుంది, ఉక్కు గోడ మామూలు గుండుకు రాలదు. నీటిని దాటలేం, చెట్ల కింద దాక్కోవచ్చు, మంచు మీద జారిపోతాం. మన గుండే వెళ్ళి గద్దకు తగిలినా ఆట అయిపోయినట్టే.

ఇదంతా ఎంత చోటులో ఇమిడిందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆట మొత్తం 24 కిలోబైట్లు. అందులో ప్రోగ్రాం 16, బొమ్మలు 8. యంత్రం లెక్కలు చేసుకోవడానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు మాత్రమే.

అది ఎలా సాధ్యం? పటాన్ని బొమ్మగా దాచకుండా అంకెలుగా దాచారు. మైదానం అడ్డంగా 13, నిలువుగా 13, మొత్తం 169 గడులు. ఒక గడిలో ఉండగలిగేవి ఖాళీ, ఇటుక, సగం ఇటుక, ఉక్కు, నీరు వంటి 14 రకాలే. అర బైట్‌తో 16 రకాలను గుర్తించవచ్చు కాబట్టి ఒక గడికి అర బైట్ చాలు. ఆ లెక్కన ఒక స్టేజీకి సుమారు 85 బైట్లు, 35 స్టేజీలకు 3 కిలోబైట్లలోపే. కంప్యూటర్‌లో యూనికోడ్‌లో తెలుగు రాస్తే సాధారణంగా ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడతాయి. అంటే మనం ఒక చిన్న వాక్యం రాసే చోటులో వాళ్ళు ఒక స్టేజీ పటం పెట్టవచ్చు.

శత్రు ట్యాంకులకు పెద్ద తెలివి ఉందని అనుకునేవాళ్ళం. నిజానికి ఉన్నవి మూడు నియమాలే. స్టేజీ మొదట్లో అవి ఎటు పడితే అటు తిరుగుతాయి. కొంతసేపయ్యాక ఆటగాడి వైపు మొగ్గుతాయి. ఆ తర్వాత స్థావరం వైపు వస్తాయి. అందుకే ఆలస్యం చేసేకొద్దీ ఆట కష్టమవుతుంది. మెరిసే ట్యాంకు కూడా అదృష్టం కొద్దీ వచ్చేది కాదు. ప్రతి స్టేజీలో 4వ, 11వ, 18వ ట్యాంకులే మెరుస్తూ వస్తాయి. వాటిని కొడితే బహుమతి గుర్తు కనిపిస్తుంది.

ఈ లెక్కలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఇంటర్ తర్వాత కంప్యూటర్ కోర్సు అనగానే మన తమ్ముళ్ళు చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళకే అది వస్తుందని వారి భయం. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. డిగ్రీలో మాకు ల్యాబ్ వారానికి రెండు గంటలు, ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరం. అందుకని ప్రోగ్రాంను ముందే నోటుబుక్కులో రాసుకుని, ఏ లైను దగ్గర ఏ విలువ మారుతుందో పక్కన పట్టిక వేసుకుని వెళ్ళేవాణ్ణి. దొరికిన ఆ కాస్త సమయం అలా చాలింది.

మీరూ స్టడీ అవర్ అయ్యాక ఇలా చేసి చూడండి. గళ్ళ కాగితం మీద 13 గడులు అడ్డం, 13 నిలువు గీయండి. ఖాళీకి 0, ఇటుకకు 1, ఉక్కుకు 2, నీటికి 3, చెట్లకు 4 అనుకుని మీ సొంత స్టేజీ వేయండి. తర్వాత అంకెలు మాత్రమే మిత్రునికి ఇవ్వండి. అతను ఆ అంకెలను చూసి అదే పటం గీయగలిగితే, డేటా అంటే ఏమిటో మీ ఇద్దరికీ తెలిసినట్టే. ఆ పైన శత్రు ట్యాంకు ఎటు కదలాలో మూడు నియమాలు రాయండి. అది ప్రోగ్రాంకు మొదటి మెట్టు.

కాగితం మీద నేర్చుకున్నది చివరకు యంత్రం మీద నడిపి చూడాల్సిందే. ఉద్యోగాలలో ఉన్న మన హాస్టల్ అన్నలకు ఒక విన్నపం. మీరు కొత్తది కొన్నప్పుడు పాత కంప్యూటర్‌ను మన హాస్టల్‌కు ఇవ్వండి. ఎంత పాతదైనా ఫర్వాలేదు, తమ్ముళ్ళు గళ్ళ కాగితం మీద రాసుకున్నది నడిపి చూసుకుంటారు.

– పూర్వ విద్యార్థి, ఎం.సి.ఎ. రెండవ సంవత్సరం