తలక్రిందుల గడియారము

మా అమ్మాయి లండనులో చదువుకొనుచున్నది. అక్కడి వేళ తెలియక మా శ్రీమతి నడిరేయి ఫోను చేసి, దానిని నిద్ర లేపి, ఆపైన తాను నొచ్చుకొనుట పరిపాటి. వ్రేళ్లపై ఐదున్నర గంటలు తీసివేయుట నాకును చికాకే.

ఇందులకొక సులభోపాయము కలదు. చేతి గడియారమును తలక్రిందులు చేసి, పైనున్నది పన్నెండే యనుకొని ముండ్లను చూడవలెను. పెద్దముల్లు నిమిషములను సరిగా చెప్పును. చిన్నముల్లునకు మిక్కిలి దగ్గరనున్న అంకెయే గంట. సరిగా నడుమ నిలిచినచో, రాబోవు గంటను గైకొనవలెను. ఇచట పది గంటలైన, అచట నాలుగున్నర. ఇచట రెండున్నరయైన, అచట తొమ్మిది. పగలో రేయో మనమే పోల్చుకొనవలెను.

ఇది యెట్లు కుదిరినది? భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. 1906 జనవరి 1 నుండి మన ప్రామాణిక కాలమునకు ఆధారమైనది కాకినాడ సమీపముగా పోవు 82½ డిగ్రీల రేఖ. భాగించినచో ఐదున్నర గంటలు. ఆ అరగంట ఉన్నందుననే సగము చుట్టు త్రిప్పిన పెద్దముల్లు సరిపోవుచున్నది. చిన్నముల్లు మాత్రము అరగంట వెనుకబడును. అందులకే దగ్గరి అంకెను చూడవలసి వచ్చినది.

అయితే మార్చి చివరి ఆదివారము నుండి అక్టోబరు చివరి ఆదివారము వరకు లండను గడియారములు ఒక గంట ముందు నడచును. అప్పుడు వచ్చిన వేళకు ఒక గంట కలుపవలెను. ఒక ఏప్రిలులో మా శ్రీమతి ఆ గంటను మరచి, అమ్మాయి కళాశాలకు వెళ్లిన పిదప ఫోను చేసి, ఆ దినమెల్ల దిగులుపడినది.

ఇప్పుడు గడియారము త్రిప్పుటకు ముందే, “ఇది ఏ నెలండీ?” అని నన్ను అడుగుచున్నది.