పాత రూపం, కొత్త ఇంజను: బుల్లెట్ బండి ఎవరిది?

వార్షికోత్సవం రోజున మన హాస్టల్ గేటు దగ్గర కాసేపు నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. ఒకప్పుడు పూర్వ విద్యార్థులు ఆర్టీసీ బస్సు దిగి, చేతిసంచితో నడిచి వచ్చేవారట. తరువాత స్ప్లెండర్లు వచ్చాయి. ఇప్పుడు అన్నం గంట కొట్టకముందే రోడ్డు మలుపులో డుగ్‌డుగ్‌మని చప్పుడు వినబడుతుంది. చిన్న తరగతుల తమ్ముళ్ళు ప్లేట్లు వదిలేసి గేటుకు పరుగెత్తి, "అన్నా, ఒక రౌండు ఎక్కించుకో" అని వెంటపడతారు. ఆ బండ్లు చూస్తే తాతల కాలం నాటివి, కొన్నది మాత్రం నిన్నగాక మొన్న. ఈ వింత ఏమిటో తెలుసుకుందామని మేము కొంత చదివి, కొందరు అన్నలనూ, టవర్ క్లాక్ దగ్గర ఒక మెకానిక్‌నూ అడిగి ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందు కొంచెం చరిత్ర. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 1932లో ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక సరిహద్దుల్లో తిరగడానికి మన సైన్యానికి గట్టి బండ్లు కావలసి వచ్చి 350 సీసీ బుల్లెట్‌ను ఎంచుకుంది. 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది, మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారీ మొదలయింది. విచిత్రమేమంటే, 1970ల మొదటికే ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడింది, మన దగ్గర మాత్రం బండి బతికింది. 1994లో ఐషర్ కంపెనీ చేతికి వచ్చింది. 2009లో 'క్లాసిక్' అనే పేరుతో పాత కాలపు రూపంలో కొత్త మోడల్ వదిలారు. అక్కడి నుంచి కథ మారిపోయింది. 2010లో ఏడాదికి 50 వేల బండ్లు అమ్మిన కంపెనీ 2024-25లో 10 లక్షలు దాటించింది.

ఇది చూసి మిగతావాళ్ళు ఊరుకుంటారా? మైసూరులో 1960ల నుంచి తయారయిన జావా, ఆ తరువాత యెజ్డీగా పేరు మార్చుకుని 1996లో ఆగిపోయింది. మహీంద్రా వారి అండతో 2018లో జావా, 2022లో యెజ్డీ తిరిగి వచ్చాయి. హోండా వారు 2020లో సీబీ 350 తెచ్చారు. ఇంగ్లండు ట్రయంఫ్ వారు బజాజ్‌తో కలిసి 2023లో స్పీడ్ 400 విడుదల చేశారు. మన పాల వ్యాపారుల క్యాన్లు మోసిన రాజ్‌దూత్‌కు మాత్రం ఎవరూ మళ్ళీ ప్రాణం పోయలేదు. మాకు అది కొంచెం అన్యాయమే అనిపించింది.

ఇక పాత రూపం అంటే ఏమిటి? గుండ్రటి హెడ్‌లైటు, నీటిబొట్టు ఆకారపు ట్యాంకు, పుల్లల చక్రాలు, పొడుగాటి సైలెన్సరు. లోపల మాత్రం అంతా వేరు. పాత బుల్లెట్‌ను స్టార్టు చేయడమే ఒక విద్య అని మెకానిక్ అన్న చేసి చూపించాడు. చిన్న లివరు నొక్కి పట్టుకుని, ఆమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కును మెల్లగా కదిలించి, లివరు వదిలి ఒక్కసారిగా తొక్కాలి. లెక్క తప్పితే కిక్కు ఎదురుతన్ని పిక్క వాచేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వేరే బండి అలవాటున్నవాడు ఎక్కితే బ్రేకు అనుకుని గేరు తొక్కేవాడు. ఇప్పుడు గేరు ఎడమకు వచ్చింది, బటన్ నొక్కితే స్టార్టవుతుంది, కార్బురేటరు పోయి ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు కాబట్టి తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోదు.

ఆ చప్పుడు సంగతి భౌతికశాస్త్రం చదివే తమ్ముళ్ళకు పనికొస్తుంది. స్ప్లెండర్ ఇంజనులో సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. పాత బుల్లెట్‌లో వ్యాసం 70, దూరం 90. అంటే గొట్టం సన్నం, ప్రయాణం పొడుగు. దానికి బరువైన ఫ్లైవీలు తోడవుతుంది. అలాంటి ఇంజను నెమ్మదిగా తిరుగుతూనే బరువు లాగుతుంది, అందుకే ఒక్కొక్క పేలుడూ విడివిడిగా మన చెవికి అందుతుంది. చిన్న ఇంజను వేగంగా తిరుగుతుంది కాబట్టి అవే పేలుళ్ళు కలిసిపోయి గుయ్యిమని వినబడతాయి. 2020 తరువాత వచ్చిన కొత్త ఇంజనులో 72, 85.8 కొలతలు పెట్టి, వణుకు తగ్గించడానికి లోపల ఒక బ్యాలెన్సరు షాఫ్టు చేర్చారు. చేతులు తిమ్మిరెక్కవు, చప్పుడు కూడా కొంత మెత్తబడింది. అది చాలక కొందరు సైలెన్సరు పీకేసి పెద్ద శబ్దం వచ్చేది బిగిస్తారు. అది చట్టరీత్యా నేరం. పరీక్షల రోజుల్లో స్టడీ అవర్ పక్కనుంచి అలాంటి బండి పోతే మేము ఏమనుకుంటామో ఇక్కడ రాయలేము.

ఎవరు కొంటున్నారు అన్నదే అసలు ప్రశ్న. ఇంగ్లండులో ట్రయంఫ్ వారు 2001లో బోన్నెవిల్ పేరును తిరిగి తెచ్చినప్పుడు, పడుచుతనంలో ఆ బండి నడిపినవారు, దానిమీద ఆశపడినవారు జ్ఞాపకం కొద్దీ కొన్నారు. మన దగ్గర కథ తలకిందులు. మన అన్నల నాన్నలకు బుల్లెట్ జ్ఞాపకం లేదు. ఉన్నా అది వేరేవాళ్ళ బండి. కళ్యాణదుర్గం వైపైనా, కదిరి వైపైనా, పాత రోజుల్లో బుల్లెట్ ఎవరికుండేది? ఊళ్ళో మోతుబరికి, సబ్ ఇన్‌స్పెక్టరుకు, మిలిటరీ నుంచి రిటైరయి వచ్చినాయనకు. చేనులో శెనక్కాయ పీకే కూలీలు ఆ చప్పుడు విని నడుము లేపి నిలబడేవారట, లేదా తల వంచుకుని ఇంకా వేగంగా పీకేవారట.

ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా నికరంగా కురవని నేల ఇది. పంటను నమ్ముకుని ఎవరూ బండి కొనలేరు. ఇప్పుడు కొంటున్నవారు నెలజీతం వాళ్ళు. కానిస్టేబులు ఉద్యోగం వచ్చిన అన్న, బెంగుళూరులో కంప్యూటర్ పని చేసే అన్న, 2019లో కార్ల తయారీ మొదలుపెట్టిన పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీకి షిఫ్టుకు వెళ్ళే అన్న. మేము మాట్లాడిన ఒక కానిస్టేబులు అన్న, ఊరు చేరిన మొదటిరోజు సంగతి చెప్పాడు. వెనక కూర్చున్న తాత రచ్చకట్ట రాకముందే భుజం తట్టి, "దిగి తోసుకుంటూ పోదాం నాయనా" అన్నాడట. అన్న దిగలేదు, ఇంజనూ ఆపలేదు, వేగం కూడా పెంచలేదు. కట్ట మీద కూర్చున్నవాళ్ళలో ఒకాయన "ఎంతయింది రా?" అని మాత్రం అడిగాడు. తాత రెండు రోజులు సరిగా అన్నం తినలేదట. మూడో రోజు మాత్రం తానే ముందు బండి దగ్గర నిలబడి, ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడట.

ఆడపిల్లలూ వెనకబడి లేరు. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' పాట పెళ్ళి ఊరేగింపుల్లో మోగిపోయింది గానీ, ఆ పాటలో కూడా అమ్మాయి వెనక సీటుకే పరిమితం. మా గర్ల్స్ హాస్టల్ అక్క ఒకామె హంటర్ నడుపుతుంది. అది 181 కిలోలు, క్లాసిక్ 195. స్ప్లెండర్ 112 అని గుర్తుంచుకుంటే తేడా అర్థమవుతుంది. బండి పడితే లేపడం ఎలా అని అడిగితే, "పడనీకుండా చూసుకోవాలి" అంది.

ఖర్చు మాట చెప్పకపోతే ఈ వ్యాసం షోరూము కాగితమే అవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆపైవాటికి 40 శాతానికి పెరిగింది. బుల్లెట్ ఇంజను 349 సీసీ కావడం వారికి కలిసి వచ్చింది. అయినా బండి చేతికొచ్చేసరికి రెండు లక్షలు దాటుతుంది. లీటరుకు 35 కిలోమీటర్లు ఇస్తే చాలు అంటారు. నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే 17 లీటర్లు, 60 ఇచ్చే చిన్న బండికి 10 లీటర్లు.

కంతుల దగ్గర ఇంకా జాగ్రత్త. ఒక అన్న రెండు లక్షలు మూడేళ్ళకు 12 శాతం వడ్డీకి తీసుకున్నాననుకున్నాడు. బ్యాంకు లెక్కలో, తీర్చిన అసలు పోగా మిగిలినదానికే వడ్డీ పడితే, కంతు సుమారు 6,640 రూపాయలు, మొత్తం వడ్డీ 39 వేలు. ఆయన సంతకం పెట్టింది 'ఫ్లాట్' వడ్డీకి. అసలు తగ్గినా వడ్డీ తగ్గదు. కంతు 7,556, వడ్డీ 72 వేలు. అంకె అదే 12, తేడా 33 వేలు. కాంట్రాక్టు ఉద్యోగం పోయిన మూడో నెలలో బండిని ఇంటి ముందు నుంచి ఎత్తుకుపోయారు. కాగితం మీద చిన్న అక్షరాలు ఎవరూ చదివి వినిపించలేదని ఆయన బాధ. ఆ కాగితం ఆయన మాకు ఇచ్చాడు. పదో తరగతి తమ్ముళ్ళు చక్రవడ్డీ, బారువడ్డీ లెక్కలు చేసే రోజున లెక్కల సారు దాన్నే బోర్డు మీద వేయించారు. 39 వేలు మొదట రాబట్టింది ఎనిమిదో తరగతి కుర్రాడు. ఆ మధ్యాహ్నం గేటు దగ్గర రౌండు కోసం ఏడ్చింది కూడా వాడే.