హెచ్.ఐ.వి. రాకుండా మాత్ర: చీటీ ఉంటేనే షాపులో ఇస్తారు

హెచ్.ఐ.వి. సోకకుండా ముందే వేసుకొనే మాత్ర ఉందన్న సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు. తెలిసినవారూ ఊళ్ళో మందుల షాపులో అడగడానికి జంకుతారు. షాపులో కూర్చున్నది బావమరిది వరుస అయితే నోరెలా పెగులుతుంది, పాపం!

టెనోఫోవిర్, ఎమ్ట్రిసిటబిన్ కలిపిన మాత్ర ఇది. హైదరాబాదు కంపెనీలే తయారుచేసి విదేశాలకు పంపుతున్నాయి. అయినా అడిగేవారు లేనిదే పల్లె షాపువారు తెచ్చి ఉంచరు. డాక్టరు చీటీ చూపితే పట్నం నుంచి తెప్పించవచ్చు. చీటీ లేనిదే అమ్మరాదు. ముందు రక్తపరీక్షలో హెచ్.ఐ.వి. లేదని తేలాలి, మూత్రపిండాలు బాగుండాలి. రోగం ఉన్నవారు ఇదొక్కటే మింగితే వైరస్ మొండికెత్తి మందుకు లొంగదు. ఆలుమగల్లో ఒకరికి రోగం ఉంటే, వారికి చికిత్సతో వైరస్ అదుపులోకి వచ్చేదాకా రెండోవారికి ఈ మాత్ర అండ.

ప్రమాదం జరిగిపోయాక వాడే మందు వేరు. 72 గంటల్లోగా, ఎంత త్వరగా అయితే అంత మేలు, మొదలుపెట్టి 28 రోజులు ఆపకుండా వాడాలి. దానికి షాపు తెరిచేదాకా ఆగరాదు. రాత్రయినా తిన్నగా జిల్లా ప్రభుత్వాసుపత్రికి పోవాలి. ఒకరి హెచ్.ఐ.వి. సంగతి వారి అనుమతి లేనిదే బయటపెట్టరాదని 2017 నాటి చట్టం ఉంది. ఆసుపత్రికి పోవడానికి ముఖం చెల్లనివారు 1097కు ఉచితంగా ఫోను చేసి అడగవచ్చు.