రెండు సెల్‌ఫోన్ పద్ధతులు, ఒక షేరు ధర

హోసూరు సంతలోనో, బళ్లారి బజారులోనో నిలబడితే ఎన్ని భాషలు చెవిన పడతాయో మీకు తెలుసు. అన్నీ ఒక్కసారే వినిపిస్తున్నా, ఎవరైనా తెలుగులో పిలిస్తే మీ చెవి ఇట్టే పట్టుకుంటుంది. సి.డి.ఎం.ఎ. అనే సెల్‌ఫోన్ పద్ధతి కిటుకు ఇదే. అందరూ ఒకే తరంగాల మీద ఒకేసారి మాట్లాడతారు. ఒక్కొక్కరి మాటకు ఒక్కో సంకేతం. జి.ఎస్.ఎం. పద్ధతి అలా కాదు, అది రచ్చబండ మర్యాద: వంతులవారీగా మాట్లాడాలి. ఒక తరంగం మీద ఎనిమిది మందికి వంతులు. వంతు మరీ చిన్నది కనుక మాట తెగినట్టు మనకు తెలియదు.

అయితే సంతలో ఒక చిక్కుంది. పక్కవాడు గొంతు చించుకుంటే దూరపువాడి పిలుపు వినపడదు. ఈ కారణంగానే సి.డి.ఎం.ఎ. నడవదని చాలామంది వాదించారు. అమెరికాలో శాన్ డియాగో నగరంలో 1985లో ఇర్విన్ జేకబ్స్, ఆండ్రూ విటర్బి ప్రభృతులు పెట్టిన క్వాల్‌కామ్ కంపెనీ దీనికి ఉపాయం కనిపెట్టింది. టవరు ప్రతి ఫోనుకూ సెకనుకు 800 సార్లు 'గొంతు తగ్గించు, పెంచు' అని చెబుతూనే ఉంటుంది! 1995లో హాంకాంగ్‌లో, 1996లో దక్షిణ కొరియాలో ఈ పద్ధతి జనం చేతికి వచ్చింది.

అప్పటికే యూరప్ అంతా జి.ఎస్.ఎం. వైపు ఉంది. షేర్లు కొనేవాళ్లు రెండు జట్లయ్యారు. పెద్ద కంపెనీలన్నీ అటుంటే ఈ చిన్న కంపెనీ నిలుస్తుందా అని ఒక జట్టు. రేపటి మూడో తరం ఫోన్లు ఏ పేరుతో వచ్చినా సంకేతాల దారినే రావాలి, అప్పుడు ఫోను ఎవరు అమ్మినా క్వాల్‌కామ్‌కు రాయల్టీ కట్టాలి కదా అని రెండో జట్టు. 1999 మార్చిలో స్వీడన్ కంపెనీ ఎరిక్సన్ పేటెంట్ల వ్యాజ్యం వదిలి రాజీకి వచ్చింది. దాంతో రెండో జట్టుకు పట్టపగ్గాలు లేవు. ఆ ఏడాదిలో షేరు సుమారు 2,600 శాతం పెరిగింది. డిసెంబర్ 29న ఒక విశ్లేషకుడు అది వెయ్యి డాలర్లకు చేరుతుందని రాస్తే, ఆ ఒక్కరోజే 31 శాతం ఎగిరింది.

ఇక్కడే కొంచెం నిదానించాలి. రెండో జట్టు చెప్పింది నిజమే అయింది. జి.ఎస్.ఎం. వర్గం తన మూడో తరానికి ఎంచుకున్నది సి.డి.ఎం.ఎ. తరహా పద్ధతినే, రాయల్టీలూ వచ్చాయి. అయినా 2002 నాటికి ఆ షేరు 1999 చివరి ధరలో ఐదో వంతు కంటే కిందికి జారింది. విద్య గెలిచింది, ఆ విద్యను నమ్మి చివరి వారంలో కొన్నవాడు ఓడాడు. వాళ్ల లెక్క తప్పింది సాంకేతికంలో కాదు, ధరలో. పదేళ్ల పంటకు ముందే సొమ్ము చెల్లించేశారు.

ఈ తగాదా మన ఇళ్లకూ వచ్చింది. మన దేశంలో 1995లో జి.ఎస్.ఎం. మొదలైంది. 2002 డిసెంబర్‌లో రిలయన్స్ సి.డి.ఎం.ఎ. ఫోన్లతో దిగి, 2003లో 501 రూపాయలు కడితే చాలు ఫోను చేతికిచ్చింది. కానీ ఆ లైసెన్సు 'పరిమిత సంచారం' లైసెన్సు, అంటే ఇంచుమించు తాలూకా దాటితే ఫోను పనిచేయకూడదని షరతు. సరిహద్దు ఊళ్లలో ఉండే మనకు అదెంత ఇరకాటమో చెప్పనక్కరలేదు. 2003 నవంబర్‌లో ఏకీకృత లైసెన్సు వచ్చాకే ఆ తగవు తీరింది. ఇంకో చిక్కు, ఆ ఫోన్లకు విడి సిమ్ము ఉండేది కాదు. కంపెనీ మారితే ఫోనూ మార్చాల్సిందే.

నాలుగో తరంలో రెండు పద్ధతులూ పక్కకు తప్పుకొని, ఓ.ఎఫ్.డి.ఎం.ఎ. అనే మూడోది వచ్చింది. క్వాల్‌కామ్ ఆ విద్యలో ఆరితేరిన ఫ్లారియన్ కంపెనీని 2006 నాటికే కొనేసుకుంది. అమెరికాలో వెరైజన్ తన సి.డి.ఎం.ఎ. నెట్‌వర్కును 2022 చివరలో ఆపేసింది.