తెడ్డు – కొయ్యలోని శాస్త్రము

పుంగనూరు, మదనపల్లె ప్రాంతముల గ్రామములలో తెడ్డు అను మాట వినగానే మొదట జ్ఞప్తికి వచ్చునది వంటిల్లు. పులుసు కలియబెట్టు కొయ్యగరిటెకు, పడవ నడుపు కొయ్యపలకకు తెలుగువారు ఒకే పేరు పెట్టుకొనిరి. పేరే కాదు, పనియు ఒక్కటే. రెండును వెడల్పైన రెక్కతో ద్రవమును త్రోయునవే. సోమల నుండి సముద్రము తిన్నగా కొలిచినను సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చటి విద్యార్థులలో పలువురు దానిని చూచి యుండకపోవచ్చును. అయినను తెడ్డులోని శాస్త్రమును ఊరి చెరువుగట్టునను, వడ్రంగి కొట్టమునను కూర్చుండియే తెలిసికొనవచ్చును.

చిన్న పడవపై సముద్రములోనికి పోవువానికి తెడ్డే యంత్రము, తెడ్డే చుక్కాని. పడవ ఒరిగినప్పుడు నీటిపై ఆనించి నిలద్రొక్కుకొనుటకు ఊతయు తెడ్డే. గట్టునకు దూరమున అది విరిగినచో మనిషి అలలపాలగును. కావున మంచి తెడ్డునకు రెండు గుణములుండవలెను: అది తేలికగా నుండవలెను, విరుగకుండ వలెను. ఈ రెండును ఒకదానితో నొకటి పోరాడు గుణములు. వాటిని పొందుపరచుటయే తెడ్డు చేయువాని నేర్పు.

తెప్ప – కయాకు

ఆంధ్రతీరపు బెస్తలు తరతరములుగా వాడిన తెప్ప కొన్ని తేలికపాటి దూలములను చెక్కి, త్రాళ్ళతో బిగించి కట్టినది. దానికి పడవ వలె లోతైన కడుపు లేదు. అల పైకి వచ్చినను నీరు దూలముల సందులగుండ దిగిపోవును. దూలములు తమంతట తామే తేలునవి గనుక తెప్ప తిరుగబడినను మునుగదు. కాని కొయ్య నీటిని పీల్చి బరువెక్కును. అందుచేత ఒడ్డు చేరిన పిదప కట్లు విప్పి, దూలములను ఇసుకపై ఆరబెట్టుట వాడుక. 1980 తరువాతి దశాబ్దములలో గాజుపీచు పడవలు, వాటికి అమర్చు చిన్న యంత్రములు వచ్చి కొయ్యతెప్పల స్థానమును చాలవరకు ఆక్రమించినవి.

భూగోళమునకు ఉత్తరపు కొనన గ్రీన్లాండు, అలాస్కా తీరములందలి ఇన్యూయిట్ ప్రజలు మరియొక మార్గము కనిపెట్టిరి. కొయ్యతో గాని ఎముకతో గాని సన్నని చట్రము కట్టి, సీలు చర్మము కప్పి, ఒక మనిషి కాళ్ళు చాపి కూర్చుండునంత బిలము మాత్రము విడిచిరి. అదియే కయాకు. దాని తెడ్డునకు రెండు కొనలను రెక్కలుండును. కుడి ప్రక్క ఒక వేటు, ఎడమ ప్రక్క ఒక వేటు వేయుచు పోయినచో పడవ తిన్నగా సాగును.

1865లో జాన్ మెక్‌గ్రెగర్ అను న్యాయవాది ఈ నమూనాను అనుసరించి ఓకు కొయ్యతో చిన్న పడవ చేయించుకొని, రెండురెక్కల తెడ్డుతో ఐరోపా నదులపై విహరించెను. అతని గ్రంథము వెలువడిన పిమ్మట ఈ వినోదము అనేక దేశములకు ప్రాకెను. 1956లో హన్నెస్ లిండెమన్ అను జర్మను వైద్యుడు మడత కయాకులో తెడ్డు, తెరచాపల సాయముతో 72 దినములలో అట్లాంటిక్ మహాసముద్రమును దాటెను. అట్టి సాహసములు అందరికిని తగవు. తీరము కనుచూపులో నుండగా, పగటివేళ, నెమ్మదిగా సాగు పయనమే సామాన్యులకు ఆనందదాయకము.

నీటిని త్రోయుట

తెడ్డు నీటిని వెనుకకు త్రోయును. నీరు తెడ్డును, దానితోపాటు పడవను ముందునకు త్రోయును. ఇది న్యూటను మూడవ సూత్రము. ఎంత నీటిని, ఎంత వేగముతో త్రోయవలెనన్నది మిగిలిన ప్రశ్న. 2 కిలోగ్రాముల నీటిని సెకనుకు 3 మీటర్ల వేగముతో త్రోసిన లభించు ద్రవ్యవేగము 6. 6 కిలోగ్రాముల నీటిని 1 మీటరు వేగముతో త్రోసినను అదియే 6. పడవకు కలుగు లాభము రెండింటను సమానమే. కాని నీటికిచ్చిన గతిశక్తి మొదటి దానిలో 9 జౌళ్ళు, రెండవదానిలో 3 జౌళ్ళు మాత్రమే. అనగా ఎక్కువ నీటిని మెల్లగా త్రోయుటయే పొదుపు. సన్నని కఱ్ఱకంటె వెడల్పైన రెక్క మేలగుటకు కారణమిది.

అట్లని రెక్కను చేటంత చేయరాదు. రెక్క పెరిగిన కొలది భుజములపై భారము పెరుగును, ఎదురుగాలి తెడ్డును పట్టి లాగును. గ్రీన్లాండు తెడ్డునకు రెక్క వెడల్పు చేతిపిడికి ఇమిడినంతయే గాని పొడవు ఎక్కువ. అట్టి తెడ్డును దూరప్రయాణీకులు నేటికిని ఇష్టపడుచున్నారు.

తెడ్డు ఒక తులాదండము కూడ. పై చేయి, క్రింది చేయి 60 సెంటీమీటర్ల ఎడముగా నున్నవనియు, క్రింది చేతినుండి రెక్క మధ్యభాగము మరి 60 సెంటీమీటర్ల దూరమున నున్నదనియు అనుకొందము. రెక్కపై నీటి ఒత్తిడి 50 న్యూటనులైనచో పై చేయి 50 న్యూటనులతో త్రోయవలెను. క్రింది చేయి 100 న్యూటనులతో లాగవలెను. రెక్క దూరము 90 సెంటీమీటర్లైనచో అవి 75, 125 న్యూటనులగును. అవసరమునకు మించిన పొడవు అలసటను తెచ్చుటకు కారణము దీనివలన స్పష్టము.

కొయ్యను ఎన్నుకొనుట

నిమిషమునకు 60 వేట్లు వేయువాడు 5 గంటలలో 18,000 వేట్లు వేయును. తెడ్డున 200 గ్రాముల బరువు అధికముగా నున్నచో దానిని అన్నిసార్లు మోసి త్రిప్పవలెను. కావున కొయ్య సాంద్రత ముఖ్యము. దేవదారు జాతికి చెందిన పాశ్చాత్య కొయ్యల సాపేక్ష సాంద్రత సుమారు 0.35 మొదలు 0.45 వరకు ఉండును. టేకు సుమారు 0.65. శేషాచలము కొండల ఎఱ్ఱచందనపు చేవ 1కి మించును గనుక నీటిలో మునుగును. అమూల్యమైనదైనను అది తెడ్డునకు పనికిరాదు. జారిపడిన తెడ్డు తేలకున్న దొరకదు గదా!

సాంద్రతతోపాటు ఈనె కూడ చూడవలెను. కొయ్యపోగుల వెంబడి బలమెక్కువ, అడ్డముగా తక్కువ. వంటచెఱకును పోగుల వెంబడి గొడ్డలితో చీల్చుట సులభమనియు, అడ్డముగా నరకుట కష్టమనియు ఎరుగనివారెవరు? ఈనె పలక ఒక కొననుండి మరొక కొనకు తిన్నగా పోవలెను. మధ్యలో ముడి యున్నను, ఈనె ప్రక్కకు జారిపోయినను ఆ చోటనే తెడ్డు విరుగును. పచ్చికొయ్య ఆరునప్పుడు వంకరపోవును గనుక బాగుగా ఆరినదానినే తీసికొనవలెను.

చేయు విధము

మొదట పలక నిడివిన నడిమి గీత గీయవలెను. కొలతలన్నియు ఆ గీతనుండియే తీసికొనినచో రెండు ప్రక్కలు సమానముగా వచ్చును. ఆకారమును రంపముతో కోసి, బాడిసతో దళసరి తగ్గించి, చిత్రికతో నున్నచేయవలెను.

కాడ గుండ్రముగా తెచ్చుటకు ఒక చక్కని లెక్క కలదు. చదరపు కాడ యొక్క ప్రతి ముఖమును 24 భాగములుగా చేసి, 7, 10, 7 భాగములవద్ద గీతలు గీచి, ఆ గీతల వరకు మూలలు చెక్కినచో ఎనిమిది ముఖముల కాడ ఏర్పడును. దాని మూలలు మరల తీసిన పదునారు ముఖములగును. తరువాత ఆకురాయితోను, గరుకు కాగితముతోను రుద్దిన గుండ్రన వచ్చును. పట్టుచోట కొంచెము కోలగా నుంచినచో రెక్క ఏ కోణమున నున్నదో చూడకయే చేతికి తెలియును.

కాడ ఎంత లావుండవలెను? గుండ్రని కాడ వంగకుండు గుణము వ్యాసపు నాల్గవ ఘాతము ననుసరించి పెరుగును. బరువు రెండవ ఘాతమునే అనుసరించును. 28 మిల్లీమీటర్ల కాడను 32 మిల్లీమీటర్లు చేసినచో బరువు సుమారు 30 శాతము పెరుగగా బిగువు 70 శాతము పెరుగును. రెక్కయందును ఇట్టిదే. పలక దళసరి సగమైన బిగువు ఎనిమిదవ వంతగును. కావున రెక్క నడుమ వెన్నువలె దళసరి నుంచి, అంచులవైపు పలుచన చేయుదురు. కొబ్బరాకునకు నడిమి ఈనె చేయు సాయమే ఇచ్చట వెన్ను చేయును.

తుదకు తెడ్డును నడిమి గీతవద్ద ఒక వ్రేలిపై నిలిపి చూడవలెను. ఒరిగిన వైపున మరికొంత చెక్కవలెను. పిదప అవిసెనూనె పలుమార్లు పట్టించినచో నీరు త్వరగా లోనికి ఇంకదు. పోగులు నీరు త్రాగు కొనలయందు నూనె మరింత పట్టించవలెను.

తెరచాప, గాలి

అలసిన చేతులకు విశ్రాంతి నిచ్చునది తెరచాప. పగలు నేల వేడెక్కి, సముద్రమునుండి గాలి గట్టువైపు వీచును. రాత్రి నేల త్వరగా చల్లారి, గాలి గట్టునుండి సముద్రమువైపు వీచును. బెస్తలు తెల్లవారకమునుపే భూపవనముతో పోయి, పగటి సముద్రపవనముతో తిరిగి వచ్చుట ఈ నియమమును ఎరిగియే. తెరచాప ఎత్తినపుడు తెడ్డును వెనుక నీటిలో నిలిపి చుక్కానిగా వాడుదురు.

కాని గాలి వేగము రెట్టింపైన చాపపై ఒత్తిడి నాలుగు రెట్లగును. సన్నని కయాకును తిరుగబడవేయుటకు అది చాలును. గాలి హెచ్చకమునుపే చాప దింపవలెను. ప్రాణరక్షణ కవచము ధరించక, తోడు లేక, వాతావరణ సూచనలు వినక సముద్రములోనికి పోరాదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతమున తుపానులు సాధారణము. 1977 నవంబరునాటి దివిసీమ ఉప్పెనను ఆంధ్రులు మరువజాలరు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము నేడు అలల ఎత్తును, గాలులను ముందుగా తెలియజేయుచున్నది.

పాఠశాలలో చేయదగిన పరీక్షలు

1. వేప, మామిడి, టేకు కొయ్యలతో సమానమైన సన్నని పుల్లలు చేసి, ఒక్కొక్కదానిపై పది సమభాగములు గుర్తింపుము. పుల్లను నీరు నింపిన సన్నని కొలజాడీలో నిలువుగా విడువుము. ఆరు భాగములు మునిగినచో దాని సాపేక్ష సాంద్రత సుమారు 0.6.

2. కొయ్య కొలబద్దను రెండు ఇటుకలపై బల్లపరుపుగా ఉంచి నడుమ బరువు వేలాడదీసి, ఎంత వంగునో కొలువుము. దానినే అంచుపై నిలిపి చేయుము. వెడల్పు, దళసరి కొలతలు మారకున్నను బిగువు ఎట్లు మారునో కనబడును.

3. తొట్టిలోని నీటిని అరచేతితో ఒకమారు, ఒక వ్రేలితో ఒకమారు త్రోసి భేదమును గమనింపుము.

ఈ మూడు పరీక్షలకును సముద్రము అక్కరలేదు. కాని వీటి ఫలితములను ఎరిగినవాడు వడ్రంగివద్దకు పోయి, ఏ పలకను తీసికొనవలెనో, ఏ పలకను విడువవలెనో చెప్పగలడు. గట్టు కానరాని నీటిలో మనిషిని తిరిగి ఇంటికి చేర్చునది ఆ ఎన్నికయే.