నరకానికి గడువుందంటే ఇక్కడే శిక్ష!

పాపులు నిత్యనరకంలో మగ్గుతారన్నది చర్చిల్లో ఎక్కువమంది నమ్మకం. ఎంత ఆలస్యమైనా దేవుడు అందరినీ రక్షిస్తాడన్నది యూనివర్సలిస్టులనే కొద్దిమంది వాదం. ఇరుపక్షాల చేతిలోనూ బైబిలే. ఒకరు మత్తయి 25:46 చూపిస్తే, ఇంకొకరు 1 కొరింథీ 15:22 తీస్తారు. అయితే రెండోవారికి తీర్పుదినం దాకా ఆగకుండా ఇక్కడే శిక్ష వేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అలెగ్జాండ్రియా పండితుడు ఒరిగెన్ మూడో శతాబ్దంలోనే అందరికీ రక్షణ దొరుకుతుందన్న ఆశ పెట్టాడు. ఆయన పోయిన దాదాపు మూడు వందల ఏళ్లకు, 543లో, జస్టీనియన్ చక్రవర్తి ఆయన బోధలను ఖండిస్తూ శాసనం చేశాడు. ఇంచుమించు అదే మాట రాసిన నిస్సా గ్రెగరీ మాత్రం నేటికీ సెయింటే. పెద్దల తీర్పులు అలా ఉంటాయి మరి.

యూనివర్సలిస్టు బోధకుడు జాన్ మర్రే కథ సినిమాకు తక్కువేం కాదు. ఇంగ్లండ్‌లో భార్యాబిడ్డలను పోగొట్టుకుని, అప్పులపాలై, ఇక ప్రసంగాల జోలికే పోకూడదనుకుని 1770లో అమెరికా ఓడెక్కాడు. న్యూజెర్సీ తీరంలో ఓడ ఇసుకమేటలో ఇరుక్కుంది. తిండిగింజల కోసం ఒడ్డుకొస్తే థామస్ పాటర్ అనే రైతు కనిపించాడు. ఆయన తన స్థలంలో ప్రార్థన మందిరం కట్టించి, నచ్చిన బోధకుడి కోసం ఏళ్లుగా కాచుకుని ఉన్నాడు. నువ్వు ప్రసంగిస్తేగానీ ఓడ కదిలేందుకు గాలి మళ్లదని పట్టుబట్టాడు. ఆదివారం దాకా గాలి మళ్లనే లేదు! మర్రే ప్రసంగించాడు. అమెరికా యూనివర్సలిస్టులు తమ చరిత్రను అక్కణ్నుంచే మొదలుపెడతారు. ఇది మర్రే స్వయంగా చెప్పుకున్న కథే కాబట్టి కాస్త మసాలా పడి ఉండొచ్చు.

చనిపోయాక శిక్ష ఉంటుందని నమ్మనివాడు సాక్ష్యానికి పనికిరాడని 1828లో అదే అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. నరకభయం లేనివాడి ప్రమాణానికి విలువేముందని!

లండన్ కింగ్స్ కాలేజీలో ఎఫ్.డి. మారిస్ నిత్యశిక్షపై వివాదంలోనే 1853లో ప్రొఫెసర్ పదవి పోగొట్టుకున్నాడు. తీరా 1864లో, దుష్టులకూ చివరికి క్షమాపణ దొరకవచ్చని ఆశించడం నేరం కాదని అక్కడ చర్చి అప్పీళ్లు వినే ప్రివీ కౌన్సిల్ తీర్పిచ్చింది. దాంతో దాదాపు 11 వేలమంది ఆంగ్లికన్ గురువులు నిత్యశిక్ష ఉందంటూ సంతకాలు చేశారు.

 

మన కాలంలో ఓక్లహామా పాస్టర్ కార్ల్‌టన్ పియర్సన్‌కూ ఇదే గతి పట్టింది. నరకం లేదనేసరికి వేలల్లో ఉన్న సంఘం వందలకు పడిపోయింది. 2004లో తోటి పెంతెకొస్తు బిషప్పులు ఆయనను మతభ్రష్టుడన్నారు. ఆయన కథతో 2018లో నెట్‌ఫ్లిక్స్ ‘కమ్ సండే’ అనే సినిమా తీసింది. వీలైతే చూడండి.