బుస్సీ పాలనలో శ్రీకాకుళం సర్కారు: బొబ్బిలి యుద్ధానికి రాబడి నేపథ్యం

బొబ్బిలి యుద్ధాన్ని విజయనగరం, బొబ్బిలి సంస్థానాల వైరంగా వివరించడం పరిపాటి. ఆ వైరం వాస్తవమే. అయితే ఇరుగుపొరుగు సంస్థానాల కలహం ఫ్రెంచి ఫిరంగుల దాకా ఎందుకు వెళ్లిందో తెలియాలంటే, మార్క్వీస్ డి బుస్సీ ఈ ప్రాంతాన్ని పాలించిన పద్ధతిని పరిశీలించాలి.

1751లో సలాబత్ జంగును దక్కను సుబేదారుగా నిలబెట్టినవాడు బుస్సీ. హైదరాబాదులోని తన సైన్యానికి జీతాలు సక్రమంగా అందకపోవడంతో, 1753లో అతడు కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను సైన్య పోషణార్థం పొందాడు. కనుక ఫ్రెంచివారి దృష్టిలో ఈ నేల ప్రధానంగా సిపాయిల జీతపు పద్దు. శిస్తు వసూలుకు మాత్రం వారు స్థానిక ప్రభువులపైనే ఆధారపడ్డారు. ఫౌజుదారు జాఫర్ అలీఖాన్ ఈ మార్పును ఎదిరించగా, మొదట అతని పక్షాన నిలిచిన విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజును బుస్సీ కౌలు ఇచ్చి తనవైపు తిప్పుకున్నాడు.

1756లో సలాబత్ జంగు బుస్సీని కొలువు నుంచి తొలగించడంతో సర్కారులలో ఫ్రెంచి అధికారం సడలింది. రాజీ కుదిరాక బుస్సీ సైన్యంతో సర్కారులకు వచ్చినప్పుడు విజయరామరాజు స్వయంగా ఎదురేగి సేనలతో కలిశాడు. రాబడి అతని చేతిలో ఉన్నందున అతని మాట కాదనడం బుస్సీకి కష్టం. బొబ్బిలిని విడిచి వేరే భూములు తీసుకోమన్న ప్రతిపాదనను రంగారావు అంగీకరించలేదు. 1757 జనవరి 24న కోట పతనమైంది. రంగారావు మరణించాడు, కోటలోని స్త్రీలూ పిల్లలూ శత్రువుకు చిక్కకుండా స్వజనుల చేతనే ప్రాణాలు విడిచారు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును అతని గుడారంలోనే హతమార్చాడు.

ఆ విధంగా బుస్సీ పాలనకు ఆసరాగా ఉన్న వ్యక్తి కూడా పోయాడు. 1758లో లాలీ అతన్ని దక్షిణానికి పిలిపించాడు. విజయరామరాజు వారసుడు ఆనంద గజపతి ఆంగ్లేయులను ఆహ్వానించాడు. అదే ఏడు డిసెంబరులో చందుర్తి వద్ద ఫోర్డ్ చేతిలో ఫ్రెంచి సేన ఓడింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నమూ వారి చేజారింది. 1783లో ఫ్రెంచి స్థావరాల అధిపతిగా తిరిగివచ్చిన బుస్సీ 1785లో పుదుచ్చేరిలో మరణించాడు.

బొబ్బిలి కథాగానం వీరుల పౌరుషాన్ని నిలిపింది. దాని పక్కన కౌలు వ్యవస్థను కూడా ఉంచి చదివితే, జీతాల కోసం పొందిన అధికారం కౌలుదారుని పగను ఎలా తన పగగా చేసుకున్నదో స్పష్టమవుతుంది.